శునకవ్యాధులు: గోదావరి మండలమున వాని చరిత్ర

శునకమునకు సంక్రమించు వ్యాధులను, వాని నిదానమును, చికిత్సను బోధించు శాస్త్రము మన దేశమున గజవైద్యమువలెను అశ్వవైద్యమువలెను ప్రాచీనకాలముననే స్వతంత్రశాఖగ వెలసినది కాదు. ఏనుగునకు పాలకాప్యుడు, గుఱ్ఱమునకు శాలిహోత్రుడు ఆచార్యులై గ్రంథములు వెలయించినట్లు సంప్రదాయము చెప్పుచున్నది. రాజుల యుద్ధబలమునకు ఆధారములగుటచే ఆ జంతువుల ఆరోగ్యము రాజ్యాంగమునకు సంబంధించిన విషయమయ్యెను. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున వేటకుక్కలకు చోటు దొరకినను, అది రాజవినోదములలో నొకటిగ మాత్రమే దొరకినది. అటుపిమ్మట సైతము శునకరోగవిజ్ఞానము చాలకాలము మనుష్యుని భయమువలనను, మనుష్యుని వినోదమువలనను, మనుష్యుని ఔషధాన్వేషణమువలనను వృద్ధిపొందెనే కాని, కుక్క బాధను తీర్చుటయే ప్రయోజనముగ గొని ఆ రోగములను పరిశీలించిన కాలము మిక్కిలి ఈవలిది. ఈ మూడు కారణములును గోదావరీ ప్రాంతముతో ఏదో యొక విధమున ముడివడియున్నవి.

ఈ వ్యాసమునకు కేంద్రముగ గొనబడిన జంగారెడ్డిగూడెము పూర్వపు పశ్చిమగోదావరి జిల్లా మెట్టప్రాంతమున నున్న పట్టణము. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి ఏలూరు జిల్లాలో చేరినది. దీనికి దక్షిణమున కాలువల నీటితో పండు డెల్టా వరిపొలములు, ఉత్తరమున బుట్టాయగూడెము, పోలవరములమీదుగ కోయలు, కొండరెడ్లు నివసించు అడవికొండలు. నడుమ పొగాకు, మొక్కజొన్న, ఆయిల్‌పామ్ తోటలు పెరుగు ఎఱ్ఱనేలలు. ఊరి వీధులలో తిరుగు కుక్కయు, తోటకాపు కుక్కయు, కొండవాని వెంట అడవికేగు కుక్కయు ఇచ్చట ఒండొంటిని కలిసికొనును. అడవియంచున నక్కలును వీనికి తారసిల్లును. అడవిజంతువునుండి కుక్కకును, కుక్కనుండి మనుష్యునకును వ్యాపించు రోగములను గూర్చి తెలిసికొనగోరువారికి ఇట్టి సంధిప్రదేశములు మిక్కిలి ముఖ్యములు.

పిచ్చికుక్క వ్యాధి

శునకవ్యాధులలో మొదట మనుష్యుని దృష్టి నాకర్షించినది పిచ్చి, అనగా నేడు రేబీస్ అని వ్యవహరింపబడు రోగము. సుశ్రుతసంహిత కల్పస్థానమున దీని వర్ణన కలదు. కుక్క, నక్క, తోడేలు, ఎలుగుబంటి, పులి మొదలగు జంతువులు ఉన్మత్తములైనపుడు తోక, దవుడ, భుజములు వ్రేలవైచి, చొంగ కార్చుచు, చెవిటివై గ్రుడ్డివై పరుగెత్తుననియు, వానిచే కరవబడినవాడు ఆ జంతువువలెనే కూయుచు మరణించుననియు, నీటిని జూచి, నీటి పేరు విని బెదరుట తప్పని మరణమునకు లక్షణమనియు ఆ గ్రంథము చెప్పుచున్నది. సూక్ష్మదర్శిని యను మాటయే లేని కాలమున ఇన్ని లక్షణములను ఇంత సరిగ గుర్తించిన ఆ పరిశీలకుల కన్ను ఎంత నిశితమైనదో ఊహింపవచ్చును. చికిత్స విషయమున మాత్రము వారి ప్రయత్నము ఫలింపలేదు. లక్షణములు పొడసూపిన పిదప ఈ రోగమునకు నేటికిని నమ్మదగిన చికిత్స లేదు.

1885 జూలై 6వ తేదీన పారిస్ నగరమున లూయీ పాశ్చర్ పిచ్చికుక్కచే కరవబడిన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు టీకా ప్రారంభించి ఆతని ప్రాణము నిలిపెను. ఆ చికిత్స భారతదేశమునకు వచ్చుటకు పదునైదేండ్లు పట్టినది. 1900లో సిమ్లా సమీపమున కసౌలీలో తొలి పాశ్చర్ సంస్థ నెలకొనెను. గోదావరి జిల్లాలో కుక్కకాటు తిన్న నిరుపేదకు హిమాలయపాదమునందలి కసౌలి కాశీకన్న దూరము. దక్షిణదేశమునకు ప్రత్యేకసంస్థ యవసరమను అభిప్రాయము బలపడి, అమెరికా దాతయగు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన ధనసహాయముతో 1907లో నీలగిరులందు కూనూరులో దక్షిణభారత పాశ్చర్ సంస్థ వెలసెను. అప్పటికి గోదావరిపై రాజమహేంద్రవరమువద్ద రైలువంతెన యేర్పడియుండెను. మేట్టుపాళయమునుండి కూనూరునకు కొండరైలు 1899 నుండియే నడచుచుండెను. అయినను జంగారెడ్డిగూడెమువంటి మెట్టగ్రామమునుండి బయలుదేరినవాడు ఎడ్లబండిమీద రైలుస్టేషను చేరి, మద్రాసు పోయి, అచ్చటినుండి మేట్టుపాళయమునకును, పిదప కొండమీదికిని పోవలసియుండెను. రోగబీజము నాడులవెంట మెల్లగ మెదడునకు ప్రాకుచుండగా, రోగి దానికన్న ముందుగ కూనూరు చేరవలెను. ముఖముమీద కరవబడిన బిడ్డలకు బీజము నడువవలసిన దారి కొద్దిపాటిది గావున, ఈ పందెమున వారే యెక్కువగ ఓడుచుండిరి.

ఈ దూరభారమును తగ్గించినది సర్ డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలీలో రూపొందించిన టీకా. గొఱ్ఱెమెదడునందు పెంచిన బీజమును కార్బాలిక్ ఆమ్లముతో చంపి తయారుచేయు ఈ మందును సీసాలలో పంపుటకు వీలుండుటచే, చికిత్స కూనూరునుండి క్రమముగ జిల్లా ఆసుపత్రులకు దిగివచ్చెను. తెలుగుదేశమున రెండు మూడు తరములవారు జ్ఞాపకముంచుకొనిన బొడ్డుచుట్టు పదునాలుగు ఇంజక్షన్లు ఇవియే. ఇవి అనేకుల ప్రాణములు కాచినవి. ఆ మాట మఱవరాదు. అయితే మెదడు కణజాలమును మనుష్యశరీరమున ప్రవేశపెట్టుటవలన కొందఱికి పక్షవాతము వచ్చుచుండెను; నొప్పికి వెఱచి మధ్యలో మానివేసినవారును కలరు. కణములలో బీజమును పెంచి తయారుచేయు సురక్షితమైన టీకాలు వచ్చిన చాలకాలమునకుగాని మన ప్రభుత్వములు పాతటీకాను విడువలేదు. 2004 చివరకు దేశమున దాని వాడుక నిలిచిపోయెను. చేతికండలోనో చర్మములోనో కొద్దిమారులు ఇచ్చు క్రొత్తటీకా నేడు ప్రభుత్వవైద్యశాలలలో ఉచితముగ లభించుచున్నది.

కాటుపడిన వెంటనే గాయమును ధారగ పడు నీటితోను సబ్బుతోను పదునైదు నిమిషములు కడుగుట టీకాకు తోడుగ తప్పక చేయవలసిన రక్ష. రేబీస్ బీజమునకు క్రొవ్వుపొర యుండుటచే సబ్బు దానిని నశింపజేయును. సున్నము, కారము, పసుపు, ఆకుపసరు గాయమున కూరు ఆచారము మెట్టగ్రామములలో నిన్నమొన్నటివఱకు నుండెను. ఇది గాయమును రేపి బీజమును లోనికి నెట్టునే కాని మేలు చేయదు. కుక్కలో నీ రోగము రెండు రూపముల కనబడును. కనబడినదెల్ల కరచుచు పరుగెత్తు ఉగ్రరూపమును అందఱును గుర్తింతురు. దవుడ జాఱి, గొంతు పట్టువడి, చొంగ కార్చుచు మూలనుండు మూగరూపమును గుర్తించువారు తక్కువ. గొంతులో ఎముక యడ్డుపడెనని తలచి, జాలితో కుక్కనోట చేయిపెట్టి ప్రాణములు పోగొట్టుకొనినవారు కలరు. ఈ వ్యాసమును చదివినవారికి మఱి యేదియు గుర్తులేకున్నను ఈ యొక్క సంగతి గుర్తుండవలెను. రోగముగల కుక్క చొంగలో బీజము వెలువడ నారంభించిన పది దినములలోపల చచ్చును గావున, కరచిన కుక్కను పది దినములు కనిపెట్టియుండు నియమ మేర్పడినది. అయితే కాటు తిన్నవాడు ఆ పది దినములు టీకా వేయించుకొనక వేచియుండరాదు.

కుక్కకే టీకా వేసినచో మనుష్యునకు భయ ముండదను యోచన జపానులో ఉమెనో, డోయ్ అను పశువైద్యులు 1921లో ప్రకటించిన పనితో ఆచరణకు వచ్చెను. హైదరాబాదులో 1982లో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థ తొలుత పశువుల గాలికుంటు టీకాకై ఏర్పడినను, పిదప కుక్కలకిచ్చు రేబీస్ టీకాను, మనుష్యుల టీకాను తయారుచేయసాగెను. పాశ్చర్ తొలిటీకా వేసిన జూలై 6ను జంతుసంక్రమిత వ్యాధుల దినముగ పాటించుచు ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధకశాఖవారు ఆనాడు పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగ టీకా వేయుచున్నారు. మూడునెలలు నిండిన కుక్కపిల్లకు మొదటి టీకాయు, పిదప ఏటేట మఱల టీకాయు నిప్పించుట ఆచారము.

పిడుదులవలన వచ్చు జ్వరములు

మద్రాసు రాజధానిలో ఇంగ్లీషువారు నక్కలవేటకై ఇంగ్లండునుండి తెప్పించిన కుక్కలమందలు ఈ దేశపు ఎండకును రోగములకును తాళలేక కూలుచుండెను. మద్రాసు హంటు అను వేటసంఘపు కుక్కల రక్తమును పరీక్షించిన డబ్ల్యూ. ఎస్. పాటన్ అను వైద్యాధికారి, వాని ఎఱ్ఱకణములలో అంతకుముందు ఎవరును వర్ణింపని యొక సూక్ష్మజీవిని కనుగొని 1910లో ప్రకటించెను. అదే జీవిని ఆతడు పిమ్మట నక్కరక్తమునను చూచెను. బబేసియా గిబ్సోని అని నేడు ప్రపంచమంతట వ్యవహరింపబడు ఈ సూక్ష్మజీవి ఎఱ్ఱకణములను చిదుకగొట్టును. కుక్కకు జ్వరము వచ్చును, చిగుళ్లు పాలిపోవును, కొన్నిట మూత్రము ఎఱ్ఱబాఱును, కండ్లు పచ్చబడును. నక్కలో నిది పెద్దగ బాధింపక నిలిచియుండును. విదేశపు కుక్కలో ప్రాణాంతకమగును. వేటాడబడు నక్కకు వేటాడు కుక్కకు నడుమ పిడుదు రాయబారియై ఈ వ్యాధిని మోసినదన్నమాట. గోదావరి మెట్ట అడవులు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే. అచ్చటి నక్కలును, కుక్కలును, వానిపై బ్రదుకు పిడుదులును ఆ వృత్తాంతమునకు వెలియైనవి కావు.

ఆంధ్రదేశమున కుక్కలను పెంచు ఇండ్లలో గోమారి, పిడుదు అను పేర్లు అందఱికి తెలిసినవే. చెవిమడతలలోను, కాలివ్రేళ్ళ సందులలోను కఱచుకొని నెత్తురు త్రాగి శనగగింజలంత ఉబ్బు ఈ కీటములు, కుక్కను విడిచి గోడపగుళ్లలోను గడపక్రిందను చేరి వేలకొలది గ్రుడ్లు పెట్టును. కుక్కకు మాత్రమే మందు రాచి గోడను విడిచిపెట్టినవారి శ్రమ వ్యర్థము. వీనివలన వచ్చు మఱియొక జ్వరము ఎర్లిషియా. 1935లో అల్జీరియా దేశమున డొనాటియెన్, లెస్తోకార్ అను ఫ్రెంచివారు దీనిని తొలుత వర్ణించిరి. 1940వ దశాబ్దమున మద్రాసునుండి దక్షిణదేశపు కుక్కలలో దీని యునికిని గూర్చిన వార్త వెలువడెను. వియత్నాం యుద్ధమున అమెరికా సేనల కుక్కలు ముక్కువెంట నెత్తురు కారి వందలకొలది చచ్చినపుడుగాని లోకము దీని తీవ్రతను గ్రహింపలేదు. తెల్లకణములలో కాపురముండు ఈ బీజము నెత్తురు గడ్డకట్టుటకు వలసిన కణికలను క్షీణింపజేయును. నేడు డాక్సీసైక్లిన్ అను మందు నాలుగువారములు క్రమముగ వాడినచో చాలవఱకు కుదురును.

డాక్సీసైక్లిన్ చేరిన టెట్రాసైక్లిన్ కుటుంబమునకు తొలిమందు ఆరియోమైసిన్. అది 1948లో అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమునుండి వెలువడెను. దానిని మట్టిలోని బూజువంటి జీవినుండి తీసినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనాలయమునకు అధ్యక్షుడై ఆ కృషిని నడిపినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, మద్రాసున వైద్యవిద్య ముగించి, అమెరికా చేరిన ఈ గోదావరీతీరవాసి 1948 ఆగస్టులో అచ్చటనే కాలధర్మము నొందెను. డైఎథిల్‌కార్బమజిన్ అను బోదకాలు మందును 1947లో లోకమునకు అందించినది ఆయన బృందమే. ఆ మందును మనుష్యులకిచ్చుటకు ముందు సహజముగ ఫైలేరియా సోకిన ప్రత్తియెలుకలలోను, గుండెపురుగులుగల కుక్కలలోను పరీక్షించిరి. సుబ్బారావు పుట్టిన డెల్టా బోదకాలునకు పుట్టినిల్లు. ఆ బాధను తీర్చు బిళ్ల శక్తి ముందుగ ఎలుకల, కుక్కల రక్తమున తేటపడినది. పిమ్మట పెక్కుదేశములలో కుక్కల గుండెపురుగును అరికట్టుటకు అదే మందును దినదినము ఇచ్చుచుండిరి. ఇంకొక విశేష మేమన, కోడిగ్రుడ్డు పిండమున పెంచిన ఫ్లూరీ జాతి రేబీస్ బీజమును గూర్చి కాప్రోవ్‌స్కీ, కాక్స్ అనువారు 1948లో ప్రకటించిన పరిశోధనయు లెడర్లేలో జరిగినదే. అది కుక్కలకిచ్చు సజీవటీకాకు మూలమై చిరకాలము నిలిచెను. సుబ్బారావు పేరు మనవారు కీర్తించునపుడు మనుష్యవైద్యమునే తలతురు. పశువైద్యుడు దినమును వ్రాయు చీటీలలో ఆయన ఛాయ యెంత యున్నదో తలపునకు తెచ్చుకొనువారు అరుదు.

కుక్కపిల్లలను హరించు అంటురోగములు

డిస్టెంపర్ అను రోగమును మసూచిటీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నరే 1809లో వివరముగ వర్ణించెను. కండ్లపుసి, ముక్కున చీమిడి, దగ్గు, విరేచనములతో ఆరంభమై, తగ్గినట్లే తోచి, కొన్నివారములకు మూర్ఛలుగను, కాలికండరముల అదురుగను తిరుగబెట్టుట దీని స్వభావము. వడపోతలోనుండి జాఱిపోవునంతటి సూక్ష్మబీజము దీనికి కారణమని 1905లో కారే అను ఫ్రెంచి పశువైద్యుడు చూపెను. ఇంగ్లండున లెయిడ్‌లా, డంకిన్ అనువారు 1920వ దశాబ్దమున టీకాను సాధించిరి. వేటకుక్కల యజమానులు చందాలు పోగుచేసి ఈ పరిశోధనను పోషించిరి.

పార్వో అను రోగపు చరిత్ర దీనికి భిన్నము. 1978కి పూర్వము లోకమున నీ రోగమెవరును ఎఱుగరు. పిల్లిజాతికి వచ్చు రోగబీజమునకు దగ్గరిదగు బీజము కుక్కలలో ప్రవేశించి, రెండు మూడేండ్లలో భూమండలమంతయు చుట్టి, 1980వ దశాబ్దపు తొలిసంవత్సరములలో మద్రాసున బయల్పడి, తెలుగుదేశమునకును వ్యాపించెను. నెత్తురుతో కూడిన దుర్గంధ విరేచనములు, వాంతులు, రెండుమూడు దినములలో శుష్కించి చచ్చుట: కుక్కపిల్లను కొని తెచ్చుకొనిన ఇంట బిడ్డలు ఏడ్చు సందర్భములలో నెక్కువభాగము దీనివలననే. బీజమును చంపు మందు లేదు. నరమునకు సెలైన్ ఎక్కించి నీటినష్టమును పూడ్చి, ఇతరసూక్ష్మజీవులు దూరకుండ కాచుటయే వైద్యుని పని. బీజము మట్టిలో నెలలకొలది బ్రదికియుండును గావున, ఒక కుక్కపిల్ల చచ్చిన యింటికి టీకా పూర్తికాని వేఱొక పిల్లను వెంటనే తెచ్చుట దానిని మృత్యువున కప్పగించుటయే. ఆఱుమొదలు ఎనిమిదివారముల వయస్సున ఆరంభించి, మూడునాలుగు వారములకొకమాఱు టీకాను పదునాఱువారముల వఱకు మఱల మఱల వేయుట విధి. తల్లిపాలవలన వచ్చిన రక్ష తొలిటీకాను వమ్ముచేయవచ్చు ననుటయే దీనికి కారణము.

పురుగులను, చర్మరోగములను గూర్చి కొద్దిగ చెప్పిన చాలును. ఏలికపాములు తల్లికడుపుననే పిల్లకు సోకును; పొట్ట ఉబ్బి, వెండ్రుక బిరుసెక్కిన కుక్కపిల్ల దాదాపు ఎల్లప్పుడును వీనికి ఆశ్రయమే. కొంకిపురుగులు నెత్తురు పీల్చి పాలిపోజేయును. గజ్జిపట్టిన ఊరకుక్కమీద వాహనముల కాలిన నూనె పోయు దురాచారము మన ఊళ్ళలో కలదు. అది చర్మమును కాల్చి, కుక్క నాకినపుడు లోపలి యవయవములను చెఱచును. 1981నుండి పశువైద్యమున వాడుకలోనికి వచ్చిన ఐవర్‌మెక్టిన్, దానిని కనుగొనిన ఒమురా, కాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమానము తెచ్చిన మందు, గజ్జిపురుగునకు సులభచికిత్సయైనది. వరిచేలలో ఎలుకల మూత్రమువలన వ్యాపించు లెప్టోస్పైరా అను సూక్ష్మజీవి కుక్క మూత్రపిండములను, కాలేయమును దెబ్బతీయును. నాట్లకును కోతలకును నీళ్ళలో దిగు కూలీలకును ఈ ఎలుకజ్వరము సోకును.

పశువైద్యసంస్థలు, ఊరకుక్క

మద్రాసు పశువైద్యకళాశాల 1903లో ఆరంభమైనపుడు గొడ్లను చంపు ముసరవ్యాధియు, సైన్యపు గుఱ్ఱములును వైద్యుని దృష్టిని నిండించినవి. ఆంధ్రప్రాంతమునకు సొంత పశువైద్యకళాశాల 1955లో తొలుత బాపట్లలో ఏర్పడి పిదప తిరుపతికి తరలెను; 1998లో గన్నవరమున మఱియొక కళాశాల వచ్చుటతో ఏలూరు, జంగారెడ్డిగూడెము ప్రాంతములవారికి ఉన్నతచికిత్స కొంత సమీపమైనది; 2005లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము నెలకొనెను. గేదెలకొఱకు కట్టిన గ్రామ పశువైద్యశాలకు కుక్కను చంకనెత్తుకొని వచ్చువారి సంఖ్య పెరిగినది గత ముప్పది నలువది యేండ్లలోనే.

యజమానియున్న కుక్క గతి ఇది. యజమాని లేని కుక్కను గూర్చి మునిసిపాలిటీలకు చిరకాలము తెలిసిన ఉపాయము విషమో ఉచ్చో మాత్రమే. చంపిన చోటికి ప్రక్కవీధులనుండి టీకాలేని క్రొత్తకుక్కలు వచ్చి చేరుచుండుటచే ఆ పద్ధతి రేబీసును తగ్గింపలేకపోయెను. కేంద్రప్రభుత్వము 2001లో వెలువరించి, 2023లో మార్చి మఱల ప్రకటించిన నియమముల ప్రకారము ఊరకుక్కను పట్టి, సంతానము కలుగకుండ శస్త్రము చేసి, రేబీస్ టీకా వేసి, చెవికొస గుర్తుగ కత్తిరించి, పట్టినచోటనే విడువవలెను. ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా పడినచో రేబీస్ గొలుసు తెగునని ప్రపంచారోగ్యసంస్థవారు చెప్పుచున్నారు; 2030 నాటికి కుక్కలవలన మనుష్యులకు వచ్చు రేబీసును నిర్మూలింపవలెనని 2021 సెప్టెంబరు 28న భారతప్రభుత్వము కార్యప్రణాళికను ప్రకటించినది.

ఊరకుక్కలకే ప్రత్యేకమైనదా యనిపించు వ్యాధి యొకటి కలదు: జననాంగములందు కాలీఫ్లవరువలె పెరిగి నెత్తురోడు అంటుకంతి. సంగమసమయమున ఒక కుక్క కంతికణములే మఱియొక కుక్కలో నాటుకొని పెరుగుట దీని విచిత్రస్వభావము. 1876లో రష్యాలో నొవిన్‌స్కీ దీనిని ఒక కుక్కనుండి మఱియొక కుక్కకు నాటి చూపెను. నేటి జన్యుశాస్త్రజ్ఞులు వేలయేండ్లక్రిందట ఆసియాలో జీవించిన ఒకానొక కుక్కకణములే నేటికిని లోకమంతట సాగుచున్నవని నిర్ణయించిరి. ఇది అసాధ్యరోగము కాదు. మన పెరళ్ళలో పెరుగు బిళ్ళగన్నేరునుండి తీయు విన్‌క్రిస్టిన్ అను మందును వారమునకొకమాఱు నరమునకిచ్చినచో నాలుగైదు ఇంజక్షన్లకు కంతి కరగిపోవును. యజమానిగల కుక్కకు ఇది సుకరము. వీధికుక్కను మొదటి ఇంజక్షనుకు పట్టినవారు రెండవవారము మఱల పట్టుట కష్టము. చికిత్స సగమున నిలిచి కంతి తిరిగి పెరుగును, ఆ కుక్క కలిసిన కుక్కలకెల్ల అంటును. కావున శస్త్రచికిత్సకై పట్టిన కుక్కలలో ఈ కంతిగలవానిని వేరుపఱచి, చికిత్స ముగియువఱకు శాలలోనే యుంచుకొనుట తగిన పద్ధతి. అందులకు కావలసిన గదులు, తిండి, మందు, కాపలా మనిషి యనువాని వ్యయమును స్థానికసంస్థలే భరింపవలసియున్నది.